మొదటి ఆట ఎక్కడ? చిన్న సినిమాకు ఫెస్టివల్ దారి, దాని లెక్కలు

సంక్షిప్తంగా: ఫిల్మ్ ఫెస్టివల్‌కు సినిమా పంపడాన్ని పోటీ పరీక్షకు దరఖాస్తు పెట్టుకోవడంగా భావించడంవల్ల కొత్త దర్శకులు డబ్బూ, అవకాశాలూ రెండూ పోగొట్టుకుంటున్నారు. ముందుగా తేల్చుకోవలసింది సినిమా మొదటి ఆట ఎక్కడ పడాలన్న సంగతి. యూట్యూబ్ విడుదల, ఎంట్రీ ఫీజులు, నిడివి, సెన్సార్, పాటల హక్కులు, సబ్‌టైటిల్స్ అన్నీ ఆ నిర్ణయాన్ని అనుసరించే ఉంటాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తయారవుతున్న చిన్న సినిమాల కోణంలో ఆ లెక్కల పరిశీలన ఇది.

మైపాడు తీరంలోనో, చీమకుర్తి గ్రానైట్ క్వారీల దాపునో, కంభం చెరువు కట్టమీదనో అద్దె కెమెరాతో పది పన్నెండుమంది కలిసి సినిమా తీస్తూ కనిపిస్తే ఇప్పుడెవరూ ఆగి చూడరు. ఒకప్పుడు ఈ ప్రాంతపు కుర్రవాడికి సినిమా అంటే మద్రాసు రైలెక్కడమే. ఇప్పుడు ఎడిటింగ్, డబ్బింగ్‌తో సహా ఇంట్లో లాప్‌టాప్‌మీద పూర్తవుతున్నాయి. అయితే తీసే వీలు పెరిగినంతగా చూపించే చోటు పెరగలేదు. తెలుగు సినిమా పంపిణీలో నెల్లూరు ఒక ప్రత్యేక ఏరియా అయినా, ఆ ఏరియా హాళ్ళలో పేరులేని నటులతో తీసిన చిత్రానికి వారం రోజులు దొరకడం గగనం. మిగిలినవి రెండు దారులు: యూట్యూబ్, ఫిల్మ్ ఫెస్టివల్.

రెండో దారి గురించి స్పష్టత తక్కువ, ప్రచారం ఎక్కువ. ఆకుల దండ బొమ్మ మధ్యలో "అఫీషియల్ సెలక్షన్" అని రాసిన పోస్టర్లు వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరుగుతుంటాయి. వాటిలో ఏది విలువైనదో, ఏది డబ్బు కట్టిన ప్రతివాడికీ వచ్చేదో బయటివారికి తెలియదు. చాలాసార్లు పంపినవారికీ తెలియదు.

## ఎంపిక ఎలా జరుగుతుంది

పెద్ద ఫెస్టివల్ తెరమీదికి సినిమాలు రెండు వైపులనుంచి వస్తాయి. పేరున్న దర్శకుల కొత్త చిత్రాలు, సేల్స్ ఏజెంట్లు చూపించేవి, ఫిల్మ్ మార్కెట్లలో రఫ్ కట్ (ఎడిటింగ్ పూర్తికాని) దశలోనే కంటబడినవి ప్రోగ్రామర్లు, అంటే ఫెస్టివల్‌కు సినిమాలు ఎంచేవారు, స్వయంగా పిలిపించుకునే కోవలోకి వస్తాయి. తక్కినవి ఫారం నింపి, ఫీజు కట్టి పంపినవి. వీటిని తొలి వడపోత బృందం చూసి మార్కులు, వ్యాఖ్యలు రాస్తుంది. ఆ జల్లెడలో నిలిచినవే ప్రోగ్రామర్ల దాకా వెళ్తాయి.

ఈ జల్లెడ కన్నం ఎంత చిన్నదో ఒక లెక్క చాలు. అమెరికాలో జరిగే సండాన్స్ ఫెస్టివల్‌కు 2024లో వచ్చిన షార్ట్ ఫిల్ములు 12,098; ఎంపికైనవి 53. అంటే దాదాపు 228 చిత్రాలకు ఒకటి. అక్కడికి పంపకూడదని దీని అర్థం కాదు గాని, అలాంటి నాలుగింటికి మాత్రమే పంపి ఏడాదంతా ఎదురుచూడటం లాటరీ టికెట్‌ను నమ్ముకొని పైరు వేయకపోవడం లాంటిది.

తిరస్కరణకు కారణం ఎప్పుడూ సినిమా బాగోలేకపోవడమే కాదు. ప్రోగ్రామర్ చేసేది విస్తరి వడ్డించడం. కరువుమీద, ముసలి రైతుమీద అప్పటికే ఒక మంచి చిత్రం ఖరారైతే, అదే రుచి ఉన్న రెండోదానికి చోటు దొరకడం కష్టం. తిరస్కరణ ఉత్తరంలో ఈ సంగతి రాయరు. మర్యాదగా రెండు వాక్యాలు మాత్రం రాస్తారు.

తొలి వడపోత చేసేవారు రోజుకు ఎన్నో చిత్రాలు చూస్తారు. ఊరిని డ్రోన్‌తో ఒక చుట్టు చూపించి, బ్యానర్ పేర్లు, కృతజ్ఞతల కార్డులు, దేవుడి పటం వేసి, రెండు నిమిషాల తర్వాత కథలోకి దిగే అలవాటు మన చిన్న సినిమాల్లో బాగా ఉంది. ఆ పేర్లన్నిటినీ చివరికి నెట్టి, కథను మొదటి షాట్‌నుంచే ఆరంభించడానికి పైసా ఖర్చు లేదు.

## మొదటి ఆట విలువ

ఫెస్టివల్ వ్యవహారమంతా ప్రీమియర్ చుట్టూ తిరుగుతుంది. ప్రపంచంలోనే మొదటిసారి చూపిస్తే వరల్డ్ ప్రీమియర్. సొంత దేశం బయట మొదటిసారి అయితే ఇంటర్నేషనల్ ప్రీమియర్. ఆపైన ఖండం, దేశం, నగరం అంటూ మెట్లు దిగుతాయి. పేరున్న ఫెస్టివల్‌కు ఈ మెట్టు ఎందుకు ముఖ్యమంటే, విలేకరులు, కొనుగోలుదారులు అక్కడికి వచ్చేదే మరెక్కడా చూడనిదాన్ని చూడటానికి. ఇంకొకచోట ఆడిన సినిమాను తెచ్చి వేస్తే వారు విమానం ఎక్కరు.

దర్శకుడివైపునుంచి చూస్తే మొదటి ఆట ఒక్కసారే ఖర్చు పెట్టగలిగిన ఆస్తి. ఎక్కడో ఇరవైమంది కూర్చున్న హాల్లో, ఊరూ పేరూ లేని ఫెస్టివల్‌లో చూపించినా వరల్డ్ ప్రీమియర్ ఖర్చయినట్టే. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లోని రాటర్‌డ్యామ్ వంటి పెద్ద ఫెస్టివల్ పిలవాలనుకున్నా నియమాలు అడ్డొస్తాయి. అందుకే అనుభవజ్ఞులు పెద్ద ఫెస్టివల్స్‌తో మొదలుపెట్టి, జవాబులు వచ్చేకొద్దీ కిందికి దిగుతారు. కొత్తవారు దీన్ని తలకిందులు చేసి, "ముందు చిన్నవాటిలో అనుభవం వస్తుందిలే" అనుకొని, దొరికిన మొదటి ఆహ్వానానికి సరేనంటారు.

షార్ట్ ఫిల్ముల విషయంలో ఈ పట్టింపు కొంత సడలుతుంది. చాలా ఫెస్టివల్స్ పది పదిహేను నిమిషాల చిత్రం వేరేచోట ఆడినా అభ్యంతర పెట్టవు. ఫీచర్ ఫిల్ముకు మాత్రం ఆ వెసులుబాటు తక్కువ; అందులోనూ పోటీ విభాగంలో మరీ తక్కువ. పోటీ ఫెస్టివల్స్‌కు గుర్తింపునిచ్చే అంతర్జాతీయ నిర్మాతల సమాఖ్య ఫియాప్ఫ్ జాబితాలో కాన్, బెర్లిన్, వెనిస్‌లతోపాటు గోవాలో జరిగే భారత అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్ ఇఫీ కూడా ఉంది.

ఇక్కడ యూట్యూబ్ ప్రస్తావన తప్పదు. అందరికీ కనిపించేలా ఒకసారి పెట్టిన సినిమాను చాలా ఫెస్టివల్స్ విడుదలైనదిగానే పరిగణిస్తాయి. తర్వాత దాన్ని తొలగించినా, ప్రైవేటుగా మార్చినా ఆ చరిత్ర చెరిగిపోదు. సంక్రాంతికి ఊరివాళ్ళంతా వస్తారు గదా అని భోగి రోజున లింకు వదిలి, ఫిబ్రవరిలో ఫెస్టివల్ ఫారం నింపడానికి కూర్చుంటే, "ఈ చిత్రం ఆన్‌లైన్‌లో అందుబాటులో ఉందా, ఎప్పుడైనా ఉండిందా" అన్న గడి దగ్గర కలం ఆగుతుంది. ఎంపిక బృందానికి పాస్‌వర్డ్ పెట్టిన స్క్రీనర్ లింకు పంపితే ఈ చిక్కు రాదు.

ఆగడంవల్ల వచ్చే ఫలితానికి పొరుగు రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. మదురై జిల్లాలోని మేలూరు పరిసరాల్లో, ఎండలో నడిచే తండ్రీకొడుకుల కథగా పి.ఎస్. వినోద్‌రాజ్ తీసిన 'కూళాంగల్' 2021లో రాటర్‌డ్యామ్ ఫెస్టివల్‌లో మొదటి ఆట పడి, అక్కడి ప్రధాన బహుమతి టైగర్ అవార్డు గెలుచుకుంది. అదే ఏడాది భారతదేశం తరఫున ఆస్కార్‌కు అధికారిక ఎంట్రీగా వెళ్ళింది. సాధారణ ప్రేక్షకులకు ఓటీటీలో అందింది మాత్రం 2023లో. మెట్ట ప్రాంతపు ఎండ కనిగిరిలోనూ ఉంది, పామూరులోనూ ఉంది. రెండేళ్ళ ఓపికకు పెట్టుబడి ఎవరు సమకూరుస్తారన్నదే ప్రశ్న.

అన్ని సినిమాలకూ ఈ ఓపిక అవసరం లేదన్నది కూడా గమనించాలి. నెల్లూరు యాసలో చమత్కారంగా సాగే ఇరవై నిమిషాల కామెడీకి అసలు ప్రేక్షకులు ఈ రెండు జిల్లాలవారు, బెంగళూరులో, అమెరికాలో ఉన్న ఇక్కడి పిల్లలు. వారు యూట్యూబ్‌లోనే ఉన్నారు. అలాంటిదాన్ని ఏడాదిపాటు దాచి, యాస తెలియని జ్యూరీకి చూపించడం వల్ల లాభంకంటే నష్టమే ఎక్కువ.

## ముప్పావుగంట సమస్య

యూట్యూబ్‌కు అలవాటుపడ్డ తెలుగు ఇండిపెండెంట్ సినిమాల్లో అరగంటకూ ముప్పావుగంటకూ మధ్య నిడివి మామూలు. ఫెస్టివల్స్‌కు సరిగ్గా ఆ నిడివే ఇబ్బంది. షార్ట్ ఫిల్ములను ఒక్కొక్కటిగా వేయరు. సుమారు గంటన్నర కట్టగా కలిపి వేస్తారు. ఆ కట్టలో పదిహేను నిమిషాలవి ఆరు పడతాయి. ఒక ముప్పై ఎనిమిది నిమిషాల చిత్రాన్ని తీసుకుంటే రెండు చిత్రాలను పూర్తిగా, మూడోదాన్ని సగం తీసేయాలి. ఆరుగురు దర్శకులను పిలవగలిగిన చోట నలుగురిని పిలవవలసివస్తుంది. కాబట్టి ఆ ముప్పై ఎనిమిది నిమిషాలదీ మిగతావాటికంటే రెండున్నర రెట్లు బాగుండాలి, లేదంటే ప్రోగ్రామర్‌కు గిట్టదు.

నియమాలూ ఇదే దిశలో ఉన్నాయి. కాన్‌లో షార్ట్ ఫిల్ముల పోటీకి పేర్లతో కలిపి 15 నిమిషాలు మించకూడదు. వెనిస్‌లో 20, బెర్లిన్‌లో 30. ఆస్కార్ షార్ట్ ఫిల్మ్ విభాగానికి 40 నిమిషాలు గరిష్ఠం. ఇఫీలో భారతీయ చిత్రాల విభాగమైన ఇండియన్ పనోరమాలో 70 నిమిషాలు దాటితే ఫీచర్, దానికి లోబడినవి నాన్-ఫీచర్ కిందికి వస్తాయి కాబట్టి అక్కడ ముప్పావుగంట సినిమాకు తలుపు తెరిచే ఉంటుంది. విదేశాలకు పంపాలనుకునే చిత్రాన్ని కథ రాసుకునే దశలోనే పద్దెనిమిది నిమిషాలకు కుదించడం, ఎడిటింగ్ టేబుల్ దగ్గర కోసుకోవడంకంటే బాధ తక్కువ.

## ఫీజులు, ఆకుల దండలు

దరఖాస్తులన్నీ ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. 2000లో మొదలైన వితౌట్‌ఎబాక్స్ అనే వెబ్‌సైట్ చాలాకాలం ఈ రంగాన్ని ఏలి 2019లో మూతపడింది. 2014లో వచ్చిన ఫిల్మ్‌ఫ్రీవే ఇప్పుడు ఆ స్థానంలో ఉంది. ఒకసారి సినిమా వివరాలు, పోస్టర్, స్క్రీనర్ ఎక్కిస్తే చాలు. వేలాది ఫెస్టివల్స్‌కు ఒక్కో నొక్కుతో పంపవచ్చు. సౌకర్యం ఇదే, ప్రమాదమూ ఇదే.

ఫీజుకు మెట్లుంటాయి. ముందస్తు గడువులో పంపితే తక్కువ, మామూలు గడువులో మధ్యస్థం, చివరి గడువులో బాగా ఎక్కువ. సినిమా అదే, చూసేవారూ వారే; పెరిగేది తొందర ఖరీదు మాత్రమే. ఎంపిక కాకపోయినా డబ్బు వెనక్కి రాదు. సగటున 30 డాలర్ల చొప్పున ఇరవై ఫెస్టివల్స్‌కు పంపితే 600 డాలర్లు. డాలరుకు 85 రూపాయలే వేసుకున్నా 51,000 రూపాయలు, ఆపైన విదేశీ చెల్లింపుకు బ్యాంకు తీసుకునేది వేరు. మొత్తం సినిమాకు రెండు మూడు లక్షలు పోగుచేసుకున్న బృందానికి ఇది చిన్న మొత్తం కాదు. ఈ పద్దును షూటింగ్‌కు ముందే బడ్జెట్‌లో రాసుకోవాలి. ఆచరణలో చాలా బడ్జెట్లు ఎడిటింగ్ దగ్గరే ఆగిపోతాయి. ఫీజు మినహాయింపు కోరుతూ మర్యాదగా ఒక ఉత్తరం రాస్తే కొన్ని ఫెస్టివల్స్ ఒప్పుకుంటాయి, ముఖ్యంగా విద్యార్థులకు.

ఈ ఏర్పాటులో ఫెస్టివల్ పేరుతో వ్యాపారం చేసేవారికీ చోటు దొరికింది. ప్రతి నెలా అవార్డులు ప్రకటించడం, యాభై అరవై విభాగాలు పెట్టి "ఉత్తమ ప్రాంతీయ భాషా తొలి చిత్ర పోస్టర్" వంటివాటికి సైతం బహుమతులు ఇవ్వడం, హాలు లేకుండా ఆన్‌లైన్‌లోనే ముగించడం, ట్రోఫీ కావాలంటే మళ్ళీ డబ్బు అడగడం వీటి లక్షణాలు. పంపిన ప్రతి సినిమాకూ ఏదో ఒక దండ దొరుకుతుంది. చట్టరీత్యా దీన్ని మోసమనడం కష్టం. అడిగింది ఆకుల బొమ్మే, ఇచ్చిందీ ఆకుల బొమ్మే.

నిజమైనదో కాదో తేల్చుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. నిరుటి కార్యక్రమ పట్టిక దొరుకుతుందా, అందులో హాలు పేరు, ఆట వేళలు ఉన్నాయా, జ్యూరీలోని వారు బయటి ప్రపంచానికి తెలిసినవారేనా, ప్రేక్షకులున్న హాలు ఫొటోలు ఉన్నాయా అని చూస్తే సగం తేలిపోతుంది. మిగతా సగం, నిరుడు అక్కడ ఎంపికైన ఇద్దరు దర్శకులను పలకరిస్తే తేలుతుంది. ఈ రంగంలో అలాంటి ఉత్తరానికి జవాబు రాని సందర్భాలు తక్కువ.

విదేశీ పేరు మోజులో పక్కనున్నవాటిని మరవడం ఇంకొక నష్టం. 1996లో మొదలైన కేరళ అంతర్జాతీయ ఫెస్టివల్ ఐఎఫ్ఎఫ్‌కే, డాక్యుమెంటరీలకు, షార్ట్ ఫిల్ములకు అక్కడే 2008నుంచి జరుగుతున్న ప్రత్యేక ఫెస్టివల్, డాక్యుమెంటరీ, యానిమేషన్ చిత్రాలకు 1990లో మొదలైన ముంబై ఫెస్టివల్ మిఫ్, ఆస్కార్ షార్ట్ ఫిల్మ్ విభాగానికి అర్హత కల్పించే బెంగళూరు అంతర్జాతీయ షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ దేశంలోనే ఉన్నాయి. నెల్లూరుకు చెన్నై నూట డెబ్భై అయిదు కిలోమీటర్ల దూరమే. ఏటా డిసెంబరు ప్రాంతంలో జరిగే చెన్నై ఫెస్టివల్‌కు డెలిగేట్ పాసు తీసుకొని నాలుగు రోజులు సినిమాలు చూసినవారికి, ఎలాంటివి ఎంపికవుతాయో ఏ వ్యాసమూ చెప్పలేనంత తెలుస్తుంది.

## సెన్సార్ ఎప్పుడు కావాలి

ఫెస్టివల్‌కు పంపాలంటే ముందు సెన్సార్ కావాలన్నది విస్తృతంగా ఉన్న అపోహ. సినిమాటోగ్రాఫ్ చట్టం 1952లోని 9వ సెక్షన్ కింద, ఫెస్టివల్ ప్రదర్శనలకు సర్టిఫికెట్‌నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. ఆ దరఖాస్తు పెట్టేది నిర్వాహకులు, దర్శకుడు కాదు. ప్రదర్శన వ్యాపారం కోసం కాకూడదు. నమోదైన డెలిగేట్లకే చూపించాలి. ఈ మినహాయింపు ప్రతిసారీ లాంఛనంగా వచ్చేస్తుందనీ అనుకోకూడదు: 2017లో కేరళ డాక్యుమెంటరీ ఫెస్టివల్‌కు ఎంపికైన మూడు చిత్రాలకు కేంద్రం నిరాకరించింది.

ఇఫీలో 1978నుంచి భాగంగా ఉన్న ఇండియన్ పనోరమాకు సెన్సార్ అయిన చిత్రాలనూ, నిర్ణీత పన్నెండు నెలల్లో పూర్తయిన సెన్సార్ కాని చిత్రాలనూ తీసుకుంటారు. జాతీయ అవార్డుల పద్ధతి వేరు. అక్కడ ఆ క్యాలెండర్ సంవత్సరం జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపు సెన్సార్ సర్టిఫికెట్ వచ్చి ఉండాలి. పనోరమా ఫలితం వచ్చాక చూద్దామని సెన్సార్ పని వాయిదా వేసినవారికి ఏడాది దాటిపోయే అవకాశం ఉంది. తెలుగు చిత్రాలు సాధారణంగా హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయానికి వెళ్తాయి, దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి. 2023 సవరణ తర్వాత సర్టిఫికెట్‌కు పదేళ్ళ కాలపరిమితి పోయింది. యూఏ వర్గం 7, 13, 16 ఏళ్ళ వయసులవారీగా విడిపోయింది.

## ఎద్దు, పిల్లవాడు, పాట

ఎంపికైన తర్వాత చిక్కులు తెచ్చిపెట్టేవి ఎక్కువగా కాగితాలే. వాటిలో మూడు ఈ ప్రాంతపు సినిమాలకు ప్రత్యేకంగా వర్తిస్తాయి.

ఒంగోలు గిత్త లేకుండా ప్రకాశం జిల్లా కథ చెప్పడం కష్టం. బండలాగుడు పోటీ నేపథ్యంగా సినిమా తీస్తే, జంతువులను నటింపజేయడానికి భారత జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కు ముందే తీసుకోవాలి. తీసిన తర్వాత చిత్రం చూపించి ఎన్‌ఓసీ పొందాలి. సెన్సార్ మినహాయింపుతో ఆడే ఫెస్టివల్ దగ్గర ఈ కాగితం ఎవరూ అడగకపోవచ్చు. ఆ తర్వాత థియేటర్‌కో, జాతీయ అవార్డులకో సెన్సార్‌కు వెళ్ళినప్పుడు అడుగుతారు. అప్పటికి ఎద్దులు అమ్ముడుపోయి ఉంటాయి, ముందస్తు అనుమతి వెనక్కి వెళ్ళి తెచ్చుకునేది కాదు.

పిల్లలు నటించిన చిత్రానికి 2017నాటి బాలకార్మిక నియమాల ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ఉండాలి. రోజుకు ఐదు గంటలకు మించి పనిచేయించకూడదు. విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. పారితోషికంలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పక్కింటి పిల్లవాడే కదా అని నోటిమాటతో సరిపెట్టుకోవడం చిన్న బృందాల్లో సాధారణంగా జరిగే పొరపాటు.

మూడోది పాట. టీకొట్టు సన్నివేశంలో రేడియోనుంచి వినిపించే పాత సినిమా పాట దృశ్యానికి జీవం పోస్తుంది, నిర్మాతకు మాత్రం చిక్కు తెస్తుంది. అరవై ఏళ్ళు దాటింది గదా అన్న సమాధానం సగమే నిజం. కాపీరైట్ చట్టం 1957 ప్రకారం రికార్డింగ్‌కు ప్రచురణనుంచి 60 ఏళ్ళ రక్షణ. సాహిత్యానికి, బాణీకి రచయిత, స్వరకర్త మరణించిన తర్వాత 60 ఏళ్ళు. ఘంటసాల 1974లో మరణించారు గనుక, ఆయన కట్టిన బాణీ ఎంత పాతదైనా 2034 చివరివరకు హక్కులు ఉంటాయి. అనుమతి రెండు వైపులా అడగాలి: రికార్డింగ్ ఎవరిదో వారిని, సాహిత్యం, సంగీతం హక్కులు ఎవరివో వారిని. ఫెస్టివల్ ప్రదర్శనకు మాత్రమే పరిమితమైన అనుమతి కొంత చౌకగా దొరకవచ్చు గాని, ఓటీటీ వచ్చి అడిగిన రోజున మళ్ళీ మొదటికి వస్తుంది.

దీనికి ఖర్చులేని మార్గం ఊళ్ళోనే ఉంది. పౌరాణిక నాటకాల్లో నేటికీ వినిపించే తిరుపతి వేంకట కవుల పద్యాలపై హక్కులు, ఇద్దరిలో చివరివారైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1950లో మరణించినందున, 2010తో ముగిశాయి. వేమన మాట సరేసరి. నెల్లూరు తిక్కన పద్యానికి రాయల్టీ అడిగే వారసుడు లేడు. క్యాసెట్‌లో ఉన్నదాన్ని ఎత్తి వాడకుండా, స్థానిక నాటక కళాకారుడిచేత కొత్తగా పాడించి, ఆయనతో ఒక పేజీ ఒప్పందం రాసుకుంటే చాలు.

## యాసకు సబ్‌టైటిల్

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ లేని సినిమాను పనోరమా సైతం తీసుకోదు. అయినా ఈ పనిని ఆఖరి రెండు రోజుల్లో, ఇంగ్లీషు మీడియం చదివిన బంధువుకో, ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్‌కో అప్పగించడం జరుగుతోంది. జ్యూరీ వినేది మన యాస కాదు, చదివేది ఆ రెండు వరుసలే.

ఇబ్బంది ఎక్కడొస్తుందో రెండు ఉదాహరణలు చూడవచ్చు. నెల్లూరు పల్లెలో "కయ్యలో నీళ్ళుండాయా" అంటే వరిమడి సంగతి. కయ్యం అనుకున్న అనువాదకుడు అక్కడ తగాదా పుట్టిస్తాడు. బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ మరీ సున్నితమైనది. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి, కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవారు అందుకుంటారు. "సంతాన రొట్టె ఎవరి దగ్గరుంది" అన్న ఒక్క కేకలో ఇచ్చేవారి కృతజ్ఞత, పుచ్చుకునేవారి ఆశ రెండూ ఉన్నాయి. మాటకు మాట ఇంగ్లీషులో పెడితే రొట్టెల అంగడి దృశ్యంలా కనిపిస్తుంది. ఏం జరుగుతోందో అంతకు ముందరి షాట్‌లో కంటితో చూపించి, సబ్‌టైటిల్‌ను పొట్టిగా ఉంచడమే ఇక్కడ ఉపాయం. వరుసకు నలభై అక్షరాల చొప్పున రెండు వరుసలు మించితే చదివేలోపు బొమ్మ మారిపోతుంది. తెలుగు ఒక్క ముక్క రాని మనిషికి ఒకసారి చూపించి, ఎక్కడ నుదురు ముడిపడిందో గమనించడంకంటే మంచి పరీక్ష లేదు.

సాంకేతిక రూపం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దరఖాస్తుకు మామూలు వీడియో లింకు సరిపోతుంది. ఎంపికయ్యాక హాలు కోసం డీసీపీ, అంటే థియేటర్ ప్రొజెక్టర్‌లో ఆడే డిజిటల్ కాపీ, అడుగుతారు. డీసీపీ-ఓ-మాటిక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. సినిమా హాలు ప్రమాణం సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి షూటింగ్ మొదటిరోజే కెమెరాను ఆ లెక్కకు పెట్టుకుంటే తర్వాత శబ్దానికీ బొమ్మకూ పొంతన తప్పే బాధ ఉండదు. తయారైన కాపీని ఏదైనా థియేటర్‌లో ఉదయం ఆటకు ముందు ఒకసారి వేసి చూసుకోవడం మాత్రం తప్పనిసరి.

## ఏప్రిల్‌లో పూర్తయిన సినిమా

మామిడికాయల కాలంలో ఫైనల్ కట్ సిద్ధమైన ఒక తొంభై నిమిషాల చిత్రాన్ని ఊహించుకుంటే ఇంతవరకు చెప్పిన లెక్కలు ఒకచోటికి వస్తాయి. ఫెస్టివల్ గడువులు సాధారణంగా నాలుగైదు నెలల ముందే ముగుస్తాయి. మేలో జరిగే కాన్ దాటిపోయినట్టే. ఆగస్టులో జరిగే లొకార్నోకు అందుకోవడం కష్టం. సెప్టెంబరులో టొరంటో, ఆ వెనుకే బూసాన్, తర్వాత జనవరి చివర రాటర్‌డ్యామ్, ఫిబ్రవరిలో బెర్లిన్ ఉన్నాయి. నవంబరులో ఇఫీ, డిసెంబరులో కేరళ. టొరంటో, బూసాన్ కాదంటే ఆ చిత్రం ముందు రెండు దారులుంటాయి: నవంబరులో గోవాలో మొదటి ఆట వేయడం, లేదా దాన్ని ఆపి రాటర్‌డ్యామ్, బెర్లిన్‌ల జవాబు కోసం చూడటం. మొదటిది చేస్తే విదేశాల్లో ఇంటర్నేషనల్ ప్రీమియర్ మిగులుతుంది. రెండోది చేసి అక్కడ రాకపోతే, పనోరమా పన్నెండు నెలల పరిధి దాటిపోయే ముప్పు ఉంది. తొలి చిత్రం, పరిమిత డబ్బు, అప్పు ఇచ్చినవారు అడుగుతున్న పరిస్థితి ఉన్న బృందానికి మొదటి దారే క్షేమం.

పూర్తికాని సినిమాలకు ఇంకొక ద్వారముంది. ఇఫీతోపాటు 2007నుంచి గోవాలో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) నిర్వహిస్తున్న ఫిల్మ్ బజార్ అనే సినిమా మార్కెట్ 2025లో వేవ్స్ ఫిల్మ్ బజార్‌గా పేరు మార్చుకుంది. రఫ్ కట్ దశలో ఉన్న చిత్రాలను ప్రోగ్రామర్లు, సేల్స్ ఏజెంట్లు అక్కడి వ్యూయింగ్ రూమ్‌లో చూస్తారు. మార్కెట్‌లో చూపడం ప్రీమియర్ కింద లెక్కకు రాదు. ప్రోగ్రామర్లు స్వయంగా పిలిపించుకునే దారి అని మొదట్లో చెప్పినది కొత్తవారికి తెరుచుకునేది ఇటువంటిచోటే.

## ఊళ్ళో ఆట

నటించింది ఊరివాళ్ళు, అన్నం వండిపెట్టింది ఊరివాళ్ళు, ఇల్లు ఇచ్చింది ఊరివాళ్ళు. సినిమా ఎప్పుడు చూపిస్తారని వారు అడగడం న్యాయం. ఫెస్టివల్ నియమాలు సామాన్యంగా పట్టించుకునేది టికెట్ పెట్టి, పోస్టర్ వేసి, ఎవరైనా రావచ్చని పిలిచిన ప్రదర్శనను. పనిచేసినవారికీ వారి కుటుంబాలకూ మాత్రమే తలుపులు మూసి వేసే ఆటను ప్రీమియర్‌గా లెక్కించరు. ప్రొజెక్టర్ అద్దెకు తెచ్చి కల్యాణ మండపంలో ఒక సాయంత్రం అలా వేసుకోవచ్చు. పత్రికలను పిలవకూడదు, ఫోన్లలో తెరను తీసి స్టేటస్‌లో పెట్టవద్దని ముందుగానే చెప్పాలి. ఊరంతటికీ బడి ఆవరణలో తెర కట్టి వేసే ఆట మాత్రం ఫెస్టివల్ చుట్టు పూర్తయ్యేదాకా ఆగవలసిందే. ఆ తేదీని ఇప్పుడే చెప్పలేమన్న సంగతిని షూటింగ్ మొదలుపెట్టిన రోజునే వారికి వివరిస్తే, ఏడాది తర్వాత ఎవరో ఒకరు చాటుగా లింకు పంచుకునే అవసరం రాదు.